కోత మొహం చూసే మనిషి

పోయిన నెల మా షాపుకి కొత్త కటింగ్ మిషను వచ్చింది. బటన్ నొక్కితే చాలు, కడ్డీని తనే లాక్కుంటుంది, తనే బిగించుకుంటుంది, తనే కోసుకుంటుంది. మనం పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. దాన్ని బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు మొదటి ముక్క కోసి, వియ్యంకుడికి స్వీటు పెట్టినంత మర్యాదగా నా ముందు పెట్టి, "ఫినిష్ చూడండి సార్" అన్నాడు.

నేను ముక్కని గుడ్డతో తుడిచాను. గుమ్మంలోకి తీసుకెళ్లి వెలుతురుకి కాస్త ఏటవాలుగా పట్టుకుని చూశాను. బొటనవేలి గోరు ఒకసారి అడ్డంగా లాగాను.

"బ్లేడు అతుకు దగ్గర కొంచెం ఎత్తుగా ఉందండీ. చుట్టుకొకసారి గీత లోతుగా పడుతోంది" అన్నాను.

ఆయన నవ్వాడు. బ్లేడు కొత్తది సార్ అన్నాడు. కాసేపటికి అనుమానం వచ్చి మిషను ఆపి, అతుకు మీద వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి, "ఎక్కడ నేర్చుకున్నారు సార్ ఇది?" అని అడిగాడు.

ఒక్కసారిగా మా భాయ్ కళ్ల ముందుకొచ్చాడు. ఇంజనీరుకి టీ తెప్పించాను.

భాయ్ పోయి రెండేళ్లు దాటింది. పేరు రాయడం లేదు. రాసినా విజయవాడ ఆటోనగర్లో ఎవరికీ తెలియదు, అక్కడ అందరికీ ఆయన కటింగ్ భాయే. ఒకసారి బ్యాంకు పని మీద ఆయన ఆధార్ కార్డు చూస్తే అందులో ఉన్న పేరు ఇంకెవరిదో అనిపించింది నాకే. సన్నటి మనిషి. గడ్డం మాత్రం ఇద్దరికి సరిపడేంత. కళ్లద్దాలకి ఒక కాడ విరిగిపోతే నూలుదారంతో చెవికి కట్టుకున్నాడు, తర్వాత కొత్త కళ్లద్దాలు కొనిచ్చినా ఆ అలవాటు పోక వాటికీ దారం కట్టాడు.

మా షాపు సంగతి కొంచెం చెప్పాలి. మేం ఉక్కు కడ్డీలు అమ్ముతాం. అన్నీ గుండ్రటివి, వేలంత లావు నుంచి స్తంభమంత లావు దాకా. రైసుమిల్లులకి షాఫ్టులని, ఉయ్యూరు వైపు చెరకు బళ్లకి ఇరుసులని, ట్రాక్టర్లకి పిన్నులని ఎవరికి కావలసిన కొలతకి వాళ్లకి కోసిస్తాం. కోసేది అడ్డంగా పడుకున్న రంపం. రెండు చక్రాల మీద బెల్టులాగా తిరిగే పళ్ల బ్లేడు ఉంటుంది. ఆ బ్లేడున్న చెయ్యి నెమ్మదిగా వాలుతూ కిందికి దిగి కడ్డీని కోస్తుంది. బ్లేడు వేడెక్కకుండా పైనుంచి పాలలాంటి కూలెంటు కారుతూ ఉంటుంది. ముక్క తెగి పళ్లెంలో పడ్డాక, తెగిన చోట గుండ్రంగా మెరిసే భాగాన్ని భాయ్ 'మొహం' అనేవాడు.

"మొహం చూశారా సార్?"

రోజుకి పాతికసార్లు వినేవాణ్ణి ఆ మాట. పార్టీ డబ్బులిచ్చి ముక్క పట్టుకుని ఆటో ఎక్కుతున్నా ఆపి, తుడిచి, మొహం చూసి గానీ పంపేవాడు కాదు. మంచి కోత అంటే మొహం నిండా సన్నటి గీతలు, దగ్గరదగ్గరగా, ఒకే లోతులో ఉండాలి. పైకి వరసగా ఉన్నట్టే ఉంటాయి గానీ రంపం చెయ్యి ఒక మూల నుంచి వాలుతుంది కనక మడత విసనకర్రలాగా చాలా కొద్దిగా ఒక పక్కకి విచ్చుకుంటాయి. ముక్కని అటూ ఇటూ తిప్పితే వెలుగు వాటి మీద జారుతుంది. వన్ టౌన్లో బట్టల వ్యాపారం చేసే ఒకాయన, ఇంట్లో మగ్గాలు కూడా ఉన్నాయి, ఏదో కడ్డీ కోసం వచ్చి, "ఇదేంటండీ, అచ్చం మా పట్టుచీరలాగా తిప్పితే రంగు మారుతోంది" అన్నాడు. భాయ్ ఆ మాట నెలరోజులపాటు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

కోత బాగా లేకపోతే ఆ మొహం మీదే జాతకం చెప్పేవాడు. వేరే షాపుల్లో కోయించుకున్న ముక్కలు తెచ్చి ఆయన్ని పరీక్ష పెట్టడం ఆటోనగర్లో కొందరికి సరదా. ఆయన తుడిచి, వెలుతురుకి పట్టి, గోరు లాగి, "వీళ్ల బ్లేడుకి ఒక పన్ను ఊడిందండీ. ఇదిగో, ఇంత దూరానికొకటి గాటు పడుతోంది" అనేవాడు. మొహం మధ్యలో బొజ్జలా ఉబ్బితే బ్లేడు వదులుగా ఉన్నట్టు. నీలంగా కమిలితే కూలెంటు కట్టేసినట్టు. అది కట్టేసింది బద్ధకం కొద్దీనా, పిసినారితనం కొద్దీనా అన్నది కూడా చెబుతానని బడాయి పోయేవాడు గానీ, అది మాత్రం నేను నమ్మలేదు.

ఈ పిచ్చి షాపుతో ఆగేది కాదు. మా ఇంట్లో పుట్టినరోజుకి పిలిస్తే కేకు ముక్క చేతికిచ్చాం. తినకుండా పక్కకి తిప్పి చూసి, "చాకు తడిపి కోయాల్సిందమ్మా" అన్నాడు మా ఆవిడతో. స్వీట్ షాపులో మైసూర్‌పాక్ మొహం చూసి కత్తి మొద్దుబారిందని యజమానికి చెప్పి, తిట్లు తిన్నాడు. పుచ్చకాయల బండి దగ్గర ఆయనతో నిలబడటం నాకు ఎప్పుడూ ఇబ్బందే.

మా మామగారి దగ్గర్నుంచి షాపు నా చేతికొచ్చిన కొత్తల్లో, ఆరంగుళాల కడ్డీ కోయడానికి ఆయన తీసుకుంటున్న టైము చూసి నాకు ఒళ్లు మండింది. నేను అంతకుముందు కొరియర్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. ఏదైనా సరే నిన్ననే చేరిపోవాలి నాకు. ఆయనేమో ముక్క బిగించి, చెయ్యి దింపి, మిషనుకి వీపు పెట్టి నూనె డబ్బా మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"భాయ్, ఆ చెయ్యిని కాస్త నొక్కితే తొందరగా తెగదా?" అన్నాను.

"తెగుద్ది సార్."

"మరి?"

"మొహం పాడవుద్ది."

"రేపు లేతు మీద చెక్కేస్తారు కదా. మొహం ఎవడిక్కావాలి?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. టీ పూర్తిచేసి, గ్లాసు కడిగి పెట్టి, "దాన్ని దాని బరువుతో దిగనివ్వాలి సార్. మనం ఆగలేక నొక్కితే ఉక్కు వణుకుద్ది. ఆ వణుకంతా మొహం మీద అలలు అలలుగా పడుద్ది" అన్నాడు. కోత టైముని ఆయన నిమిషాల్లో చెప్పేవాడు కాదు. మూడంగుళాలది అర టీ ముక్క. ఆరంగుళాలది టీ ముక్క. పదంగుళాలదైతే టీ, పేపరు, పేపరులో సంపాదకీయం కూడా.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. మా దగ్గరికి వచ్చే కడ్డీలకి ఒక చివర రంగు పూసి ఉంటుంది. పసుపు రంగుంటే గట్టి రకం, షాఫ్టులకి పనికొస్తుంది. తెల్ల రంగుంటే మెత్తటి రకం, గేట్లకీ గ్రిల్స్‌కీ పనికొస్తుంది. రంగు తీసేస్తే రెండూ కవలపిల్లలే, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అందుకని ఎప్పుడు కోసినా రంగు లేని చివర నుంచే కోయాలి. ఆఖరి జానెడు ముక్క మిగిలేదాకా దాని రంగు దాని మీద ఉండాలి. కొత్తగా వచ్చిన హమాలీ ఎవరైనా కడ్డీని తిరగేసి పెడితే భాయ్ మిషను ఆపి, ఆ పన్నెండడుగుల బరువునీ వెనక్కి తిప్పించి గానీ కోసేవాడు కాదు. "రంగు కోసేస్తే మిగిలినదానికి పేరుండదు సార్" అనేవాడు.

ఇక నా ఘనకార్యం.

శుక్రవారం మధ్యాహ్నం భాయ్ నమాజుకి వెళ్లేవాడు. పన్నెండున్నరకి చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మళ్లీ రెండున్నరకి వచ్చేవాడు. ఆ రెండు గంటలూ మిషను పడుకోవాలని ఆయన ఆజ్ఞ. ఒక శుక్రవారం గ్రిల్స్ చేసే ఒకాయన వచ్చి తెల్ల రంగు కడ్డీలో అడుగున్నర ముక్క కావాలన్నాడు. మిషను దగ్గరికి రంగున్న చివరే ఉంది. తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒక్క ముక్కకి ఏం మునిగిపోతుందిలే అని రంగున్న వైపు నుంచే కోసిచ్చాను. రంగు ఆయనతో ఆటోలో వెళ్లిపోయింది. పేరు లేకుండా మిగిలినదాన్ని హమాలీ గట్టి రకం కడ్డీల అరలో తోశాడు, నేను అటు చూడనైనా లేదు.

ఆ పై శుక్రవారం, సరిగ్గా అదే వేళకి, హనుమాన్ జంక్షన్ అవతల నుంచి ఒక రైసుమిల్లు ఆయన వచ్చాడు. వరి కోతల కాలం. మిల్లు ఆగిపోయిందండీ, నాలుగడుగుల షాఫ్టు, గట్టి రకం, ఇప్పటికిప్పుడు కావాలి అన్నాడు. భాయ్ వచ్చేదాకా కూర్చోండి అంటే పోయేది. నేను అనలేదు. గట్టి రకం అరలో చేతికందిన పేరు లేని ముక్కని తీసి మిషనుకెక్కించాను. ఆయన బయట వ్యానులో కూర్చుని హారను కొడుతున్నాడు, లోపల ఎవరు కోస్తున్నారో ఆయనకి కనపడదు. నేను చెయ్యి నొక్కుతున్నాను. మధ్యలో ఫోనొస్తే మిషను ఆపి మాట్లాడి మళ్లీ మొదలుపెట్టాను. కూలెంటు తిప్పడం గుర్తే లేదు. ఆయన మొహం చూడకుండా ముక్క పట్టుకెళ్లాడు, నేనూ చూడలేదు.

ఇరవై రోజులు తిరక్కుండా ఆ షాఫ్టు అరటికాయలా వంగిపోయింది. ఆయన దాన్ని వ్యానులో వేసుకుని షాపు ముందు దిగాడు.

"ఏం రకం ఉక్కండీ ఇది? నడి సీజన్లో రెండు రోజులు మిల్లాగిపోయింది. ధాన్యం బళ్లన్నీ రోడ్డు మీద ఉన్నాయి. రైతులు నన్ను తిడతన్నారు!"

వీధిలో నలుగురూ చేరారు. నాకు కంగారు పుట్టింది. కంగారులో నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది: "కోసింది మా భాయండీ. ఏదో పొరపాటు పడి ఉంటాడు."

అబద్ధం ఆడదామని అనుకుని ఆడలేదు. అలవాటుగా వచ్చేసింది. మా షాపులో కోసేది భాయే కదా అని మనసుకి ఒక సాకు కూడా చెప్పుకున్నాను. కానీ ఆ నాలుగడుగుల ముక్క మీద నా చెయ్యి ఉందని అప్పటికే నాకు గుర్తొచ్చింది.

భాయ్ మిషను ఆపి వచ్చాడు. వంగిన షాఫ్టుని ముందు గ్రైండరు రాయికి ఆనించాడు. గట్టి రకమైతే నిప్పురవ్వలు చివర్లో పువ్వుల్లా విచ్చుకుంటాయి. ఇవి తిన్నగా పోయి ఆరిపోయాయి. "మెత్తటి రకమండీ. మాదే తప్పు. కొత్తది ఇప్పుడే కోసిస్తాం" అన్నాడు మిల్లు ఆయనతో.

తర్వాత షాఫ్టు చివర తుడిచాడు. బేరింగులు కూర్చునే చోట తప్ప లేతు మీద చెక్కలేదు, కోసిన మొహం కోసినట్టే ఉంది. వెలుతురుకి పట్టాడు. గోరు లాగాడు.

"మిషను మాదేనండీ. చెయ్యి నాది కాదు" అన్నాడు.

"అదెట్టా తెలుసయ్యా నీకు?" అన్నాడు మిల్లు ఆయన.

"ఇదిగో, ఈ అలలు చూడండి. ఎవరో చేత్తో నొక్కారు. ఇక్కడ సన్నగా మెట్టుంది చూశారా, సగంలో ఆపి మళ్లీ మొదలెట్టారు. ఏదో పని పడి ఉంటది, ఫోనో ఏదో. ఈ నీలం మచ్చ చూడండి, కూలెంటు తిప్పడం మర్చిపోయారు. మిషను తెలిసినోళ్లే. రోజూ కోసేవాళ్లు మాత్రం కాదు."

ఒక్కో గుట్టూ విప్పుతుంటే నా చెవులు వేడెక్కిపోతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు సినిమా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఇంతకీ ఎవరు కోశారంటావు?" అన్నాడు మిల్లు ఆయన.

భాయ్ నావైపు చూశాడు. కోపంగా కాదు, టీ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాచినట్టుగా చూశాడు. నేను ఇవ్వవలసింది ఒకే ఒక్క మాట. 'నేనే.' రెండక్షరాలు.

"ఎవరైతే ఏముందిలెండి, కొత్తది ఇస్తున్నాం కదా" అన్నాను.

మిల్లు ఆయన భాయ్ మీదకి తిరిగాడు. "తప్పు చేసి పైగా ఈ గీతల కబుర్లొకటి! కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చోవయ్యా, మా మిల్లులు ఆపుతావెందుకు?"

భాయ్ మిషను దగ్గరికి నడిచాడు. కొత్త షాఫ్టు గట్టి రకంలో, రంగు లేని చివర నుంచి కోశాడు. మొహం తుడిచి, చూసి, వ్యానులో పెట్టించాడు. వంగిన పాతదాన్ని కూడా మిల్లు ఆయన తనతోనే పట్టుకుపోయాడు. భాయ్ చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని మధ్యాహ్నం మూడింటికే షాపు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను మోగుతుంది, ఎత్తడు. మూడో రోజు పక్క షాపు నుంచి ఒకణ్ణి తెచ్చి మిషను దగ్గర పెట్టాను. వాడు కోసిన ముక్కల మొహాలు చూసి నాకు అన్నం సయించలేదు. అప్పటిదాకా నాకు తెలియదు నేను కూడా మొహాలు చూస్తున్నానని. అర్ధరూపాయి విలువ లేని అహంకారం ఒకటి ఉంటుంది మనిషికి, అది రోజూ ఒక సాకు చెప్పేది. వస్తాడులే. ఎక్కడికి పోతాడు. ఆయన మాత్రం నలుగురిలో నన్ను అలా నిలదీయొచ్చా. నిజానికి ఆయన నిలదీయలేదు, నాకు అవకాశం ఇచ్చాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే అన్ని సాకులు కావలసి వచ్చాయి.

పన్నెండో రోజు పొద్దున్నే వెళ్లాను. వన్ టౌన్లో కారు పట్టని సందులో ఆయన ఇల్లు. తలుపు తీసింది ఆయన భార్య. కొంగు తల మీదకి లాక్కుని, నన్ను చూసి మొహం చాటంత చేసుకుంది.

"రండి సార్, రండి. బాగైందా అండీ మిషను?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పుకుపోతూనే ఉంది. "గేరుబాక్సు పోయిందంట కదా, హైదరాబాదు నుంచి సామాను రావాలంట కదా. పదకొండు రోజుల నుంచీ ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తన్నారండీ. నిన్న ఉల్లిపాయ తరిగితే ముక్క పట్టుకుని గుమ్మంలోకెళ్లి చూస్తారు. కత్తి సాన పట్టించమంటారు. తొందరగా బాగుచేయించండి సార్, మీకు పుణ్యం ఉంటది."

నలుగురిలో తనకి జరిగిన అవమానం ఆయన ఇంటికి తేలేదు. నా పేరు ఈ ఇంట్లో చెడకుండా ఒక గేరుబాక్సుని పాడుచేసి కూర్చున్నాడు. ఇంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు.

"మిషను బాగానే ఉందమ్మా..." అని మొదలుపెట్టాను.

లోపల్నుంచి భాయ్ గొంతు వినిపించింది. "సార్‌కి చాయ్ పెట్టు, చాయ్. అల్లం వెయ్యి." ఆమె లోపలికి వెళ్లేదాకా ఆగి, బయటికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"భాయ్, ఆ ముక్క కోసింది నేను" అన్నాను.

"తెలుసు కదా సార్."

"తప్పైపోయింది. ఆవేళే ఒప్పుకోవాల్సింది."

"నాకు చెప్తే ఏం లాభం సార్? నాకు తెలుసు. తెలియనాయనకి చెప్పాలి."

ఆయన గొంతులో కోపం లేదు. కొలత అప్పజెప్పినట్టు చెప్పాడంతే. చాయ్ తాగాం. అల్లం ఘాటుగా పడింది. ఆమెతో మిషను బాగైందని ఆయనే చెప్పి, చొక్కా తొడుక్కుని నాతో వచ్చాడు.

హనుమాన్ జంక్షన్ దాకా గంట ప్రయాణం. నేను మాటలు కూడబెట్టుకుంటున్నాను, ఆయన కిటికీలోంచి చెరకు లోడు ట్రాక్టర్లు చూస్తున్నాడు. ఒక ట్రాక్టరుని దాటుతుంటే, "ఆ ట్రైలరు పిన్ను మనం కోసిందే సార్" అన్నాడు. మొహం చూడకుండా ఎలా చెప్పావు అంటే, కొన్నిటికి అక్కర్లేదన్నాడు.

మిల్లు ఆయన ధాన్యం లారీ దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి కొత్త షాఫ్టు గురించే వచ్చామనుకుని, "ఇది బానే ఉందండీ, ఢోకా లేదు" అన్నాడు.

"దాని గురించి కాదండీ. వంగిపోయినది కోసింది నేను. భాయ్ ఆ టైముకి మసీదులో ఉన్నాడు. రంగు కోసేసి, పేరు తెలియని ముక్క మీకు అంటగట్టింది కూడా నేనే. ఆవేళ ఆయన నావైపు చూశాడు, నేను నోరెత్తలేదు."

లారీ మీద హమాలీలు బస్తాలు దింపడం ఆపి చూస్తున్నారు. కూడబెట్టుకున్న మాటలన్నీ కారులోనే మిగిలిపోయాయి, ఇవే వచ్చాయి.

మిల్లు ఆయన కాసేపు నన్ను చూశాడు. తర్వాత భాయ్‌ని చూశాడు. "మరి ఆవేళే చెప్పొచ్చుగా భాయ్, ఈయనే కోశాడని?"

"మొహం మీద ఉన్నదంతా చదివి చెప్పానండీ. పేరు కూడా రాసి ఉంటే అదీ చదివేవాణ్ణి" అన్నాడు భాయ్.

మిల్లు ఆయనకి ముందు అర్థం కాలేదు. అయ్యాక పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఆఫీసు గదిలోంచి కుర్చీ తనే మోసుకొచ్చి భాయ్ ముందు వేశాడు. "ఆవేళ నోరు జారాను. మనసులో పెట్టుకోమాకండి. కూర్చోండి" అన్నాడు. నాకు కుర్చీ వెయ్యలేదు. నేను అడగలేదు కూడా.

భాయ్ కూర్చోలేదు. గోడవార ఊక గుట్ట పక్కన పడేసి ఉన్న వంగిన షాఫ్టు ఆయన కంట పడింది. వెళ్లి దాని చివర తుడిచి చూశాడు.

"ఆకురాయి ఉందా అండీ ఇక్కడ?"

"ఉంది గానీ, దాన్నేం చేస్తారు? పాత సామాను కొట్టుకి వేసేస్తాను."

"వేసెయ్యండి. ఈ మొహంతో మాత్రం వద్దు."

ఆకురాయి తెచ్చిచ్చారు. ఆయన షాఫ్టుని బస్తాల మీద ఎత్తుగా పెట్టించి, కళ్లద్దాల దారం బిగించుకుని, మొహాన్ని అరగరాయడం మొదలుపెట్టాడు. ముందు అలలు పోయాయి. నీలం మచ్చ పోయింది. సగంలో ఉన్న మెట్టు దగ్గర చాలాసేపు పట్టింది. ఉక్కు రజను ఆయన గడ్డం మీద పడుతోంది.

"ఎందుకు భాయ్ ఇదంతా? నేను ఒప్పేసుకున్నాను కదా" అన్నాను.

ఆయన చెయ్యి ఆపలేదు. "మీరు ఒప్పుకున్నారు, వీళ్లు విన్నారు, అయిపోయింది. ఇది రేపు పాత సామాన్లో పడి ఎక్కడెక్కడికో పోద్ది సార్. నాలాగా చదివేవాడు ఇంకొకడు లేడనేముంది? వాడి చేతిలో పడితే మళ్లీ మొత్తం చదువుతాడు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హమాలీలు చూస్తున్నారని కూడా అనిపించలేదు. ముందుకెళ్లి, "ఇటివ్వండి భాయ్, మిగిలింది నేను రాస్తాను" అని ఆకురాయి మీద చెయ్యి వేశాను.

ఆయన ఇవ్వలేదు. మిల్లు ఆయన తనకోసం వేసిన కుర్చీని కాలితో నావైపు జరిపాడు.

"మీరు కూర్చోండి సార్" అన్నాడు. "మళ్లీ తొందరపడతారు."